పొద్దులేని గదిలో ఓదెమ్మ

తొమ్మిదో రోజు

ఓదెమ్మ నిద్ర లేచి గంట కొట్టింది. బయట వీధిలో అప్పుడే బడి వదిలారు. పిల్లల గోల మా నిద్రశాల వసారా దాకా వినిపిస్తోంది. మాకు సాయంత్రమవుతోంది. ఆమెకు తెల్లవారింది.

లోపలికి వెళ్లే ముందు చేయాల్సినవన్నీ నాకు చేతికి అలవాటైపోయాయి. గడియారం తీసి సొరుగులో పెట్టాలి. మొహం కడుక్కోవాలి, ఎందుకంటే అలసిన మొహం కూడా వేళ చెప్పేస్తుంది. నాతో తిండి తెచ్చే రాజలింగం ఈ నెలంతా గడ్డం పెంచుకున్నాడు. రోజూ గీసుకుంటే నున్నటి చెంప చూసి లోపలివాళ్లు పొద్దున్నే అని పసిగడతారు. పళ్లెంలో ఎప్పుడూ ఒకటే తిండి. జొన్నరొట్టె, అన్నం, పెసరపప్పు, ఉడికిన గుడ్డు. మూడు తలుపులు, ఒకటి మూసుకున్నాకే ఇంకొకటి తెరుచుకుంటుంది. మూడోది దాటితే కిటికీ లేని గది. ఎప్పుడూ ఒకే మసక వెలుతురు.

"బాగున్నవా అక్కా?" అన్నాను. ఇది తప్ప వేరే పలకరింపు వాడకూడదు.

"మస్తు పన్న డాక్టరమ్మా. ఎంతసేపు పన్న?"

"నాకేం తెల్సక్కా."

"నీకు తెల్వదా! తెల్సు గని చెప్పవు." నవ్వుతూ లేచి బొగ్గుముక్కతో గోడ మీద గీత గీసింది. "ఇయ్యాల్టికి ఏడు దినాలు."

మాకు తొమ్మిది. గడియారం లేని చోట ఆమె ఒళ్లు తన రోజును సాగదీసుకుంటోంది. ఆమెకు అది తెలియదు, నాకు తెలుసు. ఎదుటి మనిషి తన వయసు తప్పు చెబుతుంటే విని ఊరుకున్నట్టుగా ఉంటుంది నాకు ప్రతిసారీ.

పక్కటెముకల మీద అతికించిన వేడికొలత పట్టీని సరిచూశాను. నాలుక కింద దూది పెట్టి తీసి, చిన్న సీసాలో వేసి మూత బిగించాను. ఒంటికి సాయంత్రమైందని తెలిసినప్పుడు లాలాజలంలో మెలటోనిన్ పెరుగుతుంది. ఒళ్లు చల్లబడటం మొదలవుతుంది. మనిషి అబద్ధం చెప్పినా ఆ రెండూ చెప్పవు. ఆమె లోపలి గడియారం ఎన్ని గంటలకు ఒక చుట్టు తిరుగుతోందో వాటిని బట్టే తేలుతుంది.

లోవూరిలో ఈ కొలత కోసం అందరూ కాచుకుని ఉన్నారు. పైన ఎండకు తాళలేక తాతల కాలంలో ఈ పాత బొగ్గు సొరంగాల్లోకి దిగినప్పుడు పెట్టిన పొద్దుదీపాలు ఇప్పుడు మసకబారాయి. ఆ వెలుతురు ఒంటి గడియారాన్ని పట్టి ఉంచలేకపోతోంది. ఒకే ఇంట్లో ఒకరు లేచేసరికి ఒకరు పడుకుంటున్నారు. పోయిన నెల పట్టాలబండి నడిపే మనిషి కూర్చున్నచోటే నిద్రపోయాడు. ముగ్గురు చనిపోయారు. కొత్త దీపాలైతే వచ్చాయి కానీ వాటిని ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో మనుషుల ఒళ్లే చెప్పాలి. ఆరుగురిని కొలవాలనుకున్నాం. ఐదుగురు అయిపోయారు. ఓదెమ్మ ఆఖరి మనిషి. ఆమె పనే దీపాల స్తంభాలెక్కి బాగుచేయడం. "నా దీపాలకు నేనే పొద్దు చెప్తా" అని నవ్వుకుంటూ వచ్చింది.

తింటూ తమ్ముడి మాట ఎత్తింది. తిరుపతి గాలిబావుల మరమ్మతు జట్టుతో పైకి వెళ్లాడు. వాళ్ల అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా మాటలు రాలేదట. ఓదెమ్మే పెంచింది. పెళ్లి కూడా చేసుకోలేదు.

"నేను లోపలికొచ్చిన్నాడే వాడు పైకి పోయిండు. నేను బయటికి వెళ్లినంక రెండు దినాలకు దిగుతడు. అంతట్ల ఇల్లు దులుపుకొని ఉండాలె" అంది.

ఊఁ కొట్టి పళ్లెం తీసుకుని వచ్చేశాను.

పధ్నాలుగో రోజు

గాలిబావుల జట్టును ఇవాళ దింపేశారు. ఐదుగురు నడిచి వచ్చారు. తిరుపతిని మోసుకొచ్చారు.

అతని చల్లచొక్కాలో నీళ్లు తిప్పే పంపు ఆగిపోయిందట. బావి మూత సగం బిగించి ఉంది. అలా వదిలేసి దిగితే పంకా గాలిని లాగలేదు, కింద రెండు వీధులకు గాలి అందదు. ఎవరికీ చెప్పకుండా మూత పూర్తిగా బిగించి, అక్కడే కూలబడ్డాడు. జట్టు పెద్ద సాంబయ్య ఆస్పత్రి గుమ్మంలో నన్ను పట్టుకున్నాడు. ఆయన మొహమంతా పొక్కులు.

"డాక్టరమ్మా, ఓదెమ్మను పిలువుండ్రి. పిలగాడు అక్క, అక్క అని కలవరిస్తుండు."

ఆస్పత్రి డాక్టరును అడిగాను. లోపలి అవయవాలు దెబ్బతిన్నాయని, రెండు రోజులు గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేనని అన్నాడు. బతకొచ్చు అని కూడా అన్నాడు. నేను ఆ రెండో మాటే పట్టుకున్నాను.

మా నిద్రశాల పెద్ద విశ్వనాథాచారిగారి దగ్గరికి వెళ్లాను. తిరుపతి సంగతి చెప్పి, తలుపు తీయనా అని అడిగాను.

"బయటి కబురు ఏదీ గదిలోకి పోకూడదన్న నిబంధన రాసింది నువ్వే, ఇందుమతీ" అన్నారు ఆయన. "ఎందుకు రాశావో నీకు తెలుసు. కబురు వేళ చెబుతుంది. దుఃఖం నిద్రను చెరుపుతుంది, ఒంటి వేడిని మారుస్తుంది. ఇప్పుడు తలుపు తీస్తే ఈ రెండు వారాలూ పోతాయి. ఇంకో మనిషిని వెతికి మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోగా ఇంకో బండి గుద్దుకుంటే?"

"మరి ఏం చేయమంటారు?"

"తాళం నీ దగ్గరే ఉంది. నువ్వు తీస్తానంటే నేను అడ్డుపడను."

అడ్డుపడతారనుకుని వెళ్లాను నేను. అడ్డుపడితే నా మీద బరువు ఉండేది కాదు. ఎల్లుండి ఓదెమ్మకు పెద్ద పరీక్ష ఉంది, ఆమె సాయంత్రమంతా గంటకోసారి దూది తీయాలి. అదయ్యాక తలుపు తీస్తే ఉన్నంతవరకైనా లెక్క పనికొస్తుంది. అప్పటికి డాక్టరు కూడా ఏదో ఒకటి చెబుతాడు. ఇలా అనుకుని ఇంటికి వచ్చాను. అనుకున్నంతసేపు అది సబబుగానే ఉంది.

పదిహేనో రోజు

తిరుపతిని చూడటానికి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఓదెమ్మ పోలికలే. వెడల్పాటి నుదురు, కింది పెదవి కొంచెం ముందుకు. పెదవులు పగిలి నల్లబడ్డాయి. నేను కుర్చీ లాక్కుంటే ఆ చప్పుడుకు కళ్లు తెరిచాడు.

"అక్కొచ్చిందా?"

నేనెవరో అతనికి తెలియదు. నిద్రశాల కోటు చూసి ఆస్పత్రి మనిషిననుకున్నాడు.

"వస్తున్నది" అన్నాను.

"ఎంతసేపట్ల?"

"ఇగ వచ్చేస్తది. నువ్వు పడుకో."

సరేనన్నట్టు తల ఆడించాడు. కళ్లు మాత్రం మూయలేదు. మంచం అవతల ఉన్న తలుపు వైపు మొహం తిప్పుకున్నాడు. నర్సు వచ్చి తడిగుడ్డ మారుస్తుంటే ఆమె చెయ్యి అడ్డమొచ్చిందని తల పక్కకు జరిపి మరీ చూశాడు.

ఇక అక్కడ కూర్చోలేకపోయాను.

అక్కణ్నుంచి నిద్రశాలకు నడిస్తే పది నిమిషాలు. మూడు తలుపులు తీసి, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకురావడానికి అరగంట చాలు. దారిలో రెండుసార్లు ఆగాను. రేపటి పరీక్ష ఒక్కటీ కానీ అనుకున్నాను. రేపు ఎంతసేపు, కళ్లు మూసి తెరిచేలోపు వచ్చేస్తుంది అనుకున్నాను.

పదహారో రోజు

చనిపోయాడు.

పరీక్ష సగంలో ఉంది. ఓదెమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను దూది పెడుతున్నాను, తీస్తున్నాను. మధ్యమధ్యలో ఏవో కబుర్లు చెబుతోంది. రెండో తలుపు దగ్గర రాజలింగం మూడుసార్లు తట్టాడు. పరీక్ష జరుగుతుండగా ఎవరూ తట్టకూడదు. చేతిలో ఉన్న దూది సీసాలో వేసి బయటికి వచ్చాను.

"తిరుపతి పోయిండమ్మా" అన్నాడు రాజలింగం. గడ్డంలోంచి కన్నీళ్లు కారుతున్నాయి. "ఇప్పుడే కబురొచ్చింది. ఇగనన్న పిలుద్దామా?"

ఇంకా రెండు దూదులు తీయాల్సి ఉంది.

నేను లోపలికి వెళ్లి ఆ రెండూ తీశాను. గంట ఆగి ఒకటి, మళ్లీ గంట ఆగి ఒకటి. సీసాల మీద గుర్తులు కూడా సరిగ్గానే వేశాను, ఇందాక చూసుకున్నాను. ఒక్కటీ తప్పలేదు.

పోయినవాడు పోయాడు, ఇప్పుడు తలుపు తీసి ప్రయోజనమేమిటని ఆ రెండు గంటల్లో నాకు నేనే చెప్పుకున్నాను. నిన్న తీయకపోవడానికి ఒక కారణం, ఇవాళ తీయకపోవడానికి దానికి సరిగ్గా వ్యతిరేకమైన కారణం. రెండూ నాకే ఎలా దొరికాయో.

పద్ధెనిమిదో రోజు

లోవూరిలో శవాన్ని ఎక్కువసేపు ఉంచడానికి లేదు, గాలి ఒప్పుకోదు. అయినా సాంబయ్య నిన్నంతా ఊరి సభవాళ్లతో కొట్లాడి ఒకరోజు ఆపించాడు. నా దగ్గరికి మూడుసార్లు మనిషిని పంపాడు. నేను మూడుసార్లూ కుదరదని చెప్పి పంపాను.

పడమటి పాత సొరంగంలో పూడ్చారు. గాలిబావుల జట్టు అంతా వచ్చింది. అతను మూత బిగించిన ఆ బావి కింది వీధులవాళ్లు, ఎప్పుడూ అతన్ని చూడనివాళ్లు కూడా వరుసలో నిలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను. సాంబయ్య నన్ను చూశాడు.

"తోడబుట్టినదాన్ని పిలువకుండ మట్టిచేసుడు నా జిందగీల సూడలే" అన్నాడు అందరికీ వినబడేలా. "రా డాక్టరమ్మా. ముందటికి రా. ఓదెమ్మను లోపల వెట్టుకున్నది నువ్వేనాయె. ఆమె మట్టి నువ్వే వెయ్యి."

అందరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. వెళ్లి వేశాను. ఆ నల్లమట్టి వేళ్ల సందుల్లో ఇరుక్కుపోయింది. నిద్రశాలకు వచ్చి సబ్బుతో చాలాసార్లు కడిగాను. ఓదెమ్మ గంట కొడుతుంటే ఇంకా కడుగుతూనే ఉన్నాను.

ఇరవయ్యో రోజు

రెండు రోజులుగా ఆమె నిద్ర చెదురుతోంది. పడుకున్న కాసేపటికే లేస్తోంది. కాగితం మీద ఒంటివేడి గీత వంకరలు పోతోంది. ఇవాళ దూది పెట్టబోతే నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. నీ మొకం మంచిగ లేదు. నాలుగైదు సార్ల సంది చూస్తున్న. నా దిక్కు సూస్తలేవు."

"పని ఎక్కువైందక్కా."

"మా తిరుపతికేమన్న అయిందా?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. ‘బయటి సంగతులు చెప్పరాదక్కా’ అనాలి. మొదటి రోజు నుంచీ ప్రతిదానికీ అదే అన్నాను. కానీ ఇవాళ అలా అంటే అదే కబురైపోతుంది. ఆమె కళ్లు నా మొహం మీద నుంచి కదలడం లేదు. ఆ వేళ నిజం చెప్పడానికి తలుపు కూడా అక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు.

"అందరు మంచిగున్నరక్కా" అన్నాను.

"తిరుపతి?"

"మంచిగనే ఉన్నడు."

చెయ్యి వదిలేసింది. "చెప్పరాదని ఉన్నా చెప్పినవ్. నీ కడుపు సల్లగుండ" అంది. దూది కోసం తనే నోరు తెరిచింది.

తరవాత పడుకుని, ఈ ఇరవై రోజుల్లో ఎన్నడూ లేనంత నిద్ర పోయింది. గీత చక్కబడింది. ఆచారిగారు కాగితం వెలుతురుకు ఎత్తి చూసి, "ఎంత చక్కగా వచ్చింది! ఒంటి గడియారం ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఆ గీత ఎందుకు చక్కబడిందో ఆయనకు చెప్పలేదు. భోజనం చేయకుండా ఇంటికి వచ్చేశాను.

ఇరవై ఐదో రోజు

ఓదెమ్మ హుషారుగా ఉంది. తమ్ముడికి పిల్లను చూసిందట.

"బండి టికెట్ల కాడ కూసుంటది సూడు, స్వరూప అని. మంచి పిల్ల. మావోడు రెండడుగుల దూరానికి గూడ టికెట్ కొంటుండు. నాకు తెల్వదనుకుంటుండు!" పకపకా నవ్వింది. "నువ్వు ఆడపిల్లవు గద, ఓసారి మాట కదిలియ్యరాదు. దాని మనసుల ఏమున్నదో."

"సరే అక్కా."

"నేనొచ్చేదాక ఆగాలనేం లేదు. రేపే అడుగు."

"అడుగుత."

ఒక అబద్ధం ఆడితే ఇక ప్రతి మాటకూ సరే అనడమే మిగులుతుందని నాకు అనుభవంలోకి వచ్చింది. పని ముగించుకుని పట్టాల దగ్గరికి వెళ్లాను. టికెట్ల గూట్లో స్వరూప ఉంది. కళ్లు ఉబ్బి, ముక్కు ఎర్రబడి ఉంది. ఆమెకు చిల్లర ఇవ్వబోయి ఇవ్వలేక వెనక్కి తిరిగాను. ఇంటిదాకా నడిచే వెళ్లాను.

ముప్పయ్యో రోజు

మూడు తలుపులూ తెరిచే పెట్టి లోపలికి వెళ్లాను. నెల తరవాత మొదటిసారి ఆ గదిలోకి వీధి చప్పుడు వచ్చింది. చేతికి గడియారం ఉంది.

ఓదెమ్మ గడియారం చూసి నిలబడిపోయింది. "అయిపోయిందా? ఇంత జల్దియా? ఇరవైమూడే కదనె!"

"ముప్పై అక్కా."

"ముప్పయ్యా! వారం దినాలు ఎటువాయె?" నవ్వింది. గబగబా బట్టలు మూటగట్టడం మొదలుపెట్టింది. "అయితే తిరుపతి ఇంకో రెండు దినాలల్ల దిగుతడు. నడువు, ఇల్లంత బూజుపట్టి ఉంటది."

"అక్కా, కూసో."

"కూసునుడు ఇంటికాడ కూసుంట."

"ఓదెమ్మక్కా. తిరుపతి దిగిండు. పైన ఎండదెబ్బ తగిలింది. మోసుకొచ్చిన్రు. పోయిండక్కా."

మూట చేతిలోనే ఉంది. కాసేపు నన్ను అర్థం కానట్టు చూసింది. "వాడింక దిగలే గదా" అంది నెమ్మదిగా, నా పొరపాటు సరిదిద్దుతున్నట్టు.

"దిగిండు. రెండు వారాలైంది పోయి. మట్టి గూడ అయిపోయింది."

గోడ దగ్గరికి వెళ్లింది. బొగ్గు గీతల మీద వేలు పెట్టింది. "ఎన్నో గీత?"

నేను వెళ్లి పన్నెండో గీత చూపించాను. ఆమె దాని తరవాతి గీతలన్నీ ఒక్కొక్కటీ వేలితో తాకుతూ చివరిదాకా వెళ్లింది. ఆ రోజులన్నీ ఆమె తమ్ముడు బతికే ఉన్నాడు. పెళ్లి మాట కూడా అయింది.

నా వైపు తిరిగింది. "మరి మంచిగున్నడంటివి?"

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నేను ఆమెను ఎత్తిపట్టుకోవాల్సి వస్తుందేమోనని కూడా సిద్ధపడ్డాను. మూట అక్కడే వదిలేసి మూడు తలుపులూ దాటి వెళ్లిపోయింది. బయట సాంబయ్య నిలబడి ఉన్నాడు. అతని భుజం మీద పడి పెట్టిన కేక నిద్రశాల అంతా వినబడింది.

ముప్పై నాలుగో రోజు

ఆచారిగారికి చెప్పేశాను. ఇరవయ్యో రోజున నేనన్న మాట, దాని తరవాత గీత చక్కబడటం, అన్నీ.

"నీ మాట వల్ల లెక్క తప్పిందా?"

"ఒక చుట్టు ఎంతసేపన్నది మారలేదు. నిద్ర బాగుపడింది, అంతే."

"అయితే అది రాయాల్సిన పని లేదు" అన్నారు.

అప్పటికే రాసేశాను. ఆ గీత పక్కనే, ఎవరైనా చూసేలా. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. తాళం ఆయన దగ్గర లేదు.

కొలత వాడుకోవడానికి ఓదెమ్మ ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకోకపోతే అన్నీ చింపేయాల్సిందే. ఆమె ఇంటికి వెళ్లాను. గడప దాటమనలేదు. బయటే నిలబడి చెప్పాను.

"నువ్వు వద్దనొచ్చు. వద్దంటే నీ తరపున సభల నేను మాట్లాడుత. నిన్ను ఎవ్వరు ఒక్క మాట అనకుంట చూసుకుంట."

"వద్దంటే ఏమైతది?"

"ఇంకొకరిని కొలవాలె."

"గా గదిలనేనా?"

"అవును."

"వాళ్లింట్ల ఎవరన్న సస్తే?"

నేను తెచ్చిన ఒప్పుకోలు కాగితాన్ని మడిచి సంచిలో పెట్టబోయాను.

"అయితే నాదే తీస్కోండ్రి" అంది. "మల్ల ఇంకో మనిషిని అండ్ల పెట్టకుండ్రి. నీ మీద జాలితోని ఇస్తున్ననని మాత్రం అనుకోకు."

కాగితం మీద వేలిముద్ర వేసి నా వైపు నెట్టింది. నేను వెళ్లబోతుంటే ఆపింది.

"కూసో. వాని దగ్గరికి పోయినవంట. నర్సు చెప్పింది. ఏమన్నడు?"

గడప మీద కూర్చున్నాను. అక్కొచ్చిందా అని అడిగాడని చెప్పాను. వస్తున్నదని నేనన్నానని చెప్పాను. ఎంతసేపట్లో అన్నాడని, ఇగ వచ్చేస్తదన్నానని చెప్పాను.

"ఎదురుసూసిండా?"

"చూసిండు. తలుపు దిక్కే."

ఓదెమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "పానం పోయేటప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?"

"లేను. నీ దగ్గరున్న. పరీక్ష నడుస్తుండె."

"అప్పుడు నేనేం జేస్తున్న?"

ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. గుర్తులేదు అనొచ్చు. కానీ ఆమె దగ్గర ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

"పప్పుల ఉప్పు తక్కువైందన్నవు. ఈ నిద్రశాలోళ్లకు వండుడు నేనే నేర్పాలె అని నవ్వినవు."

ఓదెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వు లాంటిదేదో వచ్చింది. అది మధ్యలోనే ఏడుపైంది. ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది. నన్ను వెళ్లమనలేదు, ఉండమనలేదు. నేను గడప మీదే ఉండిపోయాను. పక్కింటి మనిషి నీళ్లు తెచ్చి ఆమెకిచ్చి, నన్ను ఎగాదిగా చూసి వెళ్లింది.

నలభయ్యో రోజు

కొలతలు ముగిసి పది రోజులైనా ఇది రాయడం మానలేకపోతున్నాను.

సభ నిన్న కూర్చుంది. కొత్త దీపాల వేళలకు ఒప్పుకున్నారు, పై నెల నుంచి వెలుగుతాయి. నేను రాసినది కూడా గట్టిగా చదివారు. ఒకరిద్దరు నన్ను వెనకేసుకొచ్చారు, ఊరి మేలు కోసమే చేసిందన్నారు. ఆ మాటలు వింటుంటే తిట్లు తింటున్నప్పటికన్నా ఎక్కువ సిగ్గేసింది. పొద్దులేని గదిని మూసేయాలని తీర్మానం చేశారు. తాళం నా దగ్గర నుంచి తీసుకున్నారు. నన్ను నిద్రశాల నుంచి తీసేయలేదు. తీసేస్తారని ఎదురుచూశాను.

ఇవాళ సాంబయ్య మా ఇంటికి వచ్చాడు. "ఓదెమ్మ ఇయ్యాల తమ్మునికి దినాలు చేస్తున్నది. నిన్ను రమ్మన్నది" అన్నాడు.

"ఇయ్యాలనా? అతను పోయి..."

"నీ లెక్క నాకు చెప్పకు. ఆమెకు తెల్సిన్నాటి సంది ఇయ్యాల్టికి పదకొండు దినాలు. ఆమెకు వాడు పోయింది ఆనాడే."

పడమటి సొరంగంలో పదిమంది ఉన్నారు. ఆకులో అన్నం, కోడికూర, ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు పెట్టారు. పైన ఉన్న రోజుల్లో పిట్టకు పెట్టేవారట. కింద పిట్టలు లేవు కాబట్టి ఇక్కడ చిన్నపిల్లలతో మొదటి ముద్ద తినిపిస్తారు. పక్కింటి పాప తిని, కారమని మూతి ముడిచింది. కొంచెం దూరంగా స్వరూప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఓదెమ్మ ఆమెను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

నేను వెనక ఉన్నాను. ఈసారి ఎవరూ ముందుకు రమ్మనలేదు.

ఓదెమ్మ మట్టి మీద చెయ్యి ఆనించి వంగింది. తమ్ముడి చెవిలో చెప్పినట్టు మెల్లగా మాట్లాడింది. అయినా సొరంగంలో ప్రతి మాటా వినబడింది.

"తమ్మీ, ఆలస్యమైంది బిడ్డా. నువ్వు పిలిచినవంట. నేను ఆడ తిని పన్న. నాదే తప్పు. నేను గా గదిలకు పోకుంటే..."

ఆమె అక్కడ ఆగితే బాగుండునని అనుకున్నాను. ఆగలేదు. నాదే తప్పు, నాదే తప్పు అని అంటూనే ఉంది. జట్టులోని మగవాళ్లు తలలు దించుకున్నారు. సాంబయ్య ఆమె వీపు మీద చెయ్యేశాడు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

మనుషుల మధ్య నుంచి ముందుకు వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చున్నాను.

"తిరుపతీ" అన్నాను. "మీ అక్కకు ఎవ్వరు చెప్పలే. చెప్పాల్సింది నేను. నువ్వు పిలిచినవని నాకు తెల్సు, నేనే చెప్పలే. వస్తున్నదని నీకు అబద్ధం చెప్పింది గూడ నేనే. ఆమెది ఏం తప్పు లేదు."

ఓదెమ్మ నా వైపు చూడలేదు. మట్టి మీద చెయ్యి అలాగే ఉంచి, నాకు చోటు వచ్చేలా కొంచెం పక్కకు జరిగింది.